రువైస్ నీళ్ల మీద పిట్ట కోసం

ఆ శుక్రవారం పొద్దున్నే ఖతార్ ఉత్తర కొసన ఉన్న అల్ రువైస్ రేవులో పోశన్న తన తెడ్డు పడవలో నన్ను ఎక్కించుకున్నాడు. జగిత్యాల మనిషి, రేవులో పడవలకు కాపలాదారు. దోహా నుంచి వచ్చిన నాకు పాత కొయ్య పడవలు, కోస్ట్‌గార్డు బోటు, దూరాన ఒక ఓడ చూపించాడు. కానీ తెడ్డు వేసింది మాత్రం వేట నుంచి తిరిగొస్తున్న ఒక ఫైబర్ బోటు వైపు. దాని మీద పక్షులు ముసురుకున్నాయి.

"నా పెండ్లాం పోయి ఇయ్యాల్టికి పదకొండు దినాలు సార్. కంపెనీ సెలవు ఇయ్యలే. పిట్టకు పెట్టాలె," అంటూ డబ్బాలోని అన్నం పడవ అంచున పెట్టాడు.

ఒక్క పక్షీ రాలేదు. బోటువాళ్లు విసిరే చిల్లర చేపలకే ఎగబడ్డాయి. పోశన్న హిందీలో సంగతి చెప్పగానే ఆ బంగ్లాదేశ్ జాలర్లు చేపలు విసరడం మానేశారు, ఇంజను కూడా ఆపేశారు. వాళ్లు ముస్లింలు, నేను క్రిస్టియన్ని. అందరం ఆ అన్నం వైపే చూస్తూ కూర్చున్నాం.

చాలాసేపటికి పక్షులు ఒడ్డు వైపు వెళ్లిపోయాయి.

"ఏదైనా కోరిక మిగిలిపోయిందేమో పోశన్నా," అన్నాను.

"నాకు ఎర్కనే సార్. మూడేండ్ల సంది ఒక్కటే అడిగింది, ఎప్పుడొస్తవని."

అన్నం నీళ్లలో వదిలి, తెడ్డు అందుకున్నాడు.