పిల్లిపీచర గడ్డలో ఉండేవాళ్లు

బ్యాక్టీరియా పెంచిన గాజు ప్లేటు మూత తీసి వాసన చూడకూడదని ఎన్నేళ్లుగానో ల్యాబు పిల్లలకు చెప్తున్నాను. మొన్న వాళ్లంతా భోజనానికి వెళ్లగానే ఆ పని నేనే చేశాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారు కదా, అది నా గురించే. ఫ్రీజరు అడుగున దొరికిన పాత సీసాలోంచి తీసి పెంచిన బ్యాక్టీరియా అది. తొలివాన పడిన చేను వాసన గుప్పున వచ్చింది. అవ్వ మీద బెంగ పుట్టుకొచ్చింది.

అవ్వ నాకు బంధువేమీ కాదు. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో మందుమొక్కల మీద పరిశోధన చేస్తూ, కొత్తగూడెంలో బస్సు మారి మణుగూరు అవతలి అడవి పల్లెకు వెళ్లేదాన్ని. నా ఐసుపెట్టె చూసి ప్రతి కండక్టరూ చేపలా అని అడిగేవాడు. ఆ పల్లెలో నాటుమందులిచ్చే అవ్వే నాకు మొక్కలు చూపించేది. బాలింతలకు పాలు పడటానికి ఇచ్చే పిల్లిపీచర తీగను అడవి నుంచి పెరట్లోకి తెచ్చుకునేటప్పుడు, అది పెరిగిన చోటి మన్ను దోసెడు కొంగున కట్టుకొచ్చేది. ఆ మన్ను లేకపోతే గడ్డకు బలం రాదనేది. నేను నవ్వి, ఒక తీగ తెచ్చుకుని, ఆవిరిలో ఉడికించిన మట్టితో శుభ్రంగా కుండీలో నాటాను. ఏడాదైనా అది ఈనెపుల్లలాగే ఉంది. రెండు తీగల గడ్డలూ కోసి పరీక్షిస్తే, అవ్వ తీగ లోపల మొక్కకు మేలు చేసే బ్యాక్టీరియా ఎన్నెన్నో రకాలు. నా దాంట్లో రెండో మూడో.

ఆ సంగతి చెప్తే అవ్వ ఆశ్చర్యపోలేదు. "లోపల ఎవరో ఉన్నరని నాకెర్కనే బిడ్డా. ఎట్లుంటరో ఒక్కపారి చూపియ్యి. కండ్లకు పొర కమ్ముతంది, జల్దీ తే" అంది. వచ్చే నెల తెస్తానన్నాను. తర్వాత థీసిస్ అన్నాను, గైడుగారు అన్నాను, వానలు అన్నాను. రెండేళ్లు పోయాయి.

ఆమె తీగ గడ్డలోని బ్యాక్టీరియా పెంచిన ప్లేటు పట్టుకుని వెళ్లేసరికి అవ్వ గోడ తడుముకుంటూ నడుస్తోంది. ప్లేటు చేతిలో పెట్టాను. ఆమె మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను వద్దనలేదు. "గిది మా మన్నే" అంది. తర్వాత, "ఏ రంగుల ఉన్నరు బిడ్డా?" అని అడిగింది. పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పాను. తెలుపు, బూడిద, లేత గులాబీ.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ ప్లేటులోంచి తీసి దాచినవే ఈ సీసాలో ఇన్నేళ్లు చలిలో పడుకుని, పిలవగానే లేచాయి. వచ్చే నెల అని అవ్వకు చెప్పిన ఆ నెల మాత్రం, ఎంత పిలిచినా రాదు.