ఏ మొహం పెట్టుకుని

దర్జీకొట్టులో అందరూ అతన్ని మాస్టరనే పిలుస్తారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని, దిగులుకు వాడే మాత్రలు ఎవరికీ చెప్పకుండా మానేశాడు.

కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. తరవాత నిద్ర చెడింది, తిండి సయించలేదు. ఆ ఉదయం చొక్కాగుడ్డ పరుచుకుని కత్తెర పట్టుకుంటే, ఎక్కడ కోయాలో తోచలేదు. గుడ్డ పాడవుతుందని కాదు అతని భయం. మంచం దిగలేక గోడవైపు తిరిగి పడుకున్న పాతరోజులు మళ్ళీ వచ్చిపడ్డాయని.

కుట్టుమిషను దగ్గరున్న వదినను పిలిచాడు.

"వదినా, అది మళ్ళీ వచ్చింది. మాత్రలు మానేశాను. డాక్టరమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమె మిషను ఆపేసింది. "ఉన్న మొహమే పెట్టుకుని చెప్పు. కొత్తది కుట్టేంత టైము లేదు. పద."

డాక్టరమ్మ తిట్టలేదు. "చాలామంది ఇలాగే మానేస్తారు. దాచకుండా వచ్చారు, అదే మంచిపని. మాత్ర మళ్ళీ పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఒంటరిగా ఉండకండి" అంది.

ఆ వారాలెలా గడుస్తాయోనని అతనికి భయమేసింది.

"మా ఇంట్లో పడుకో" అంది వదిన, బయటికి రాగానే. "మీ అన్నయ్య గురకకి దయ్యాలే పారిపోతాయి."

భయం పోలేదు. అయినా బట్టలు సర్దుకోడానికి ఆమె వెనకే నడిచాడు.