లిప్‌స్టిక్ వేసుకున్న మగాడి రికార్డు

ఈ సాయంత్రం నా మైకుసెట్ల షాపులో ఒక ఇంగ్లీషు రాక్ రికార్డు మొదటిసారి విన్నాను. కాలేజీ లెక్చరరు గారు వినమని ఇచ్చారు. అట్ట మీద ఒక మగాడు, పెదాలకు లిప్‌స్టిక్, ఒంటికి చమ్కీల చొక్కా. పాట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ గిటారుకి ఒళ్లు జలదరించింది.

మూడో పాటలో ఉండగా మిర్చి వ్యాపారి సాంబయ్య వచ్చి, అట్ట చూసి, రికార్డు మీది ముల్లు ఎత్తేశాడు.

"మగపుట్టుక పుట్టి లిప్‌స్టిక్కేంట్రా? ఛీ!"

నాకు తిక్క రేగింది. "ఏరా, పదేళ్లు నేను నాటకాల్లో ఆడవేషం కడితే ముందు బెంచీలో కూర్చుని ఈలలేసింది ఎవర్రా?"

"అది కళరా!"

"అయితే కూర్చో."

నాటకాల రంగులున్న పాత ట్రంకుపెట్టె తీసి, ఇంత మీసం కింద పెదాలకు రంగు పూసుకుని, వాడి ఎదురుగా కూర్చుని రికార్డు మొదటినుంచీ పెట్టాను. రెండు వైపులా అయ్యేదాకా కదలనివ్వలేదు. చివరి పాటకి వాడి కాలు తాళం వేస్తోంది. అదేంట్రా అంటే చీమ కుట్టిందన్నాడు!

ఆ మంటతోనే షాపు ముందు బోర్డు మీద ఇది రాస్తున్నాను. రంగు ఇంకా కడుక్కోలేదు. నాదా, ఆ అట్ట మీదివాడిదా, ఎవరిది కళో చెప్పగలిగినవాళ్లు లోపలికి రండి. చీమలంటే భయమున్నవాళ్లు బయటే నిలబడి వినండి.