కోసేసిన ప్రశ్న

ఫొటో పైభాగంలో ‘నిజమా?’ అన్న మాట లేదని గమనించి మళ్లీ చూశాను.

అదే ఫొటో అంతకుముందు మా అమ్మాయి క్లాసు గ్రూపులో చూశాను. వాళ్ల తెలుగు సారు నెట్‌లో తిరిగే రాతలు క్లాసులో చదివిస్తారు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఫొటో ఎక్కడిది అన్నవి పిల్లలే వెతకాలి. దుప్పట్లు అమ్మేవాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పాత మెసేజ్ ఆరోజు హోంవర్కు. దాని ఫొటోకి పైన ఎర్రగా ‘నిజమా?’ అని, కింద స్కూలు పేరు రాసి సారే పెట్టారు. అది వేరే రాష్ట్రపు ఫొటో అని మా అమ్మాయి బడి నుంచి రాగానే తేల్చేసింది.

సాయంత్రానికి అది మా మొయినాబాద్ కాలనీ గ్రూపులోకి వచ్చింది. ఎవరో ప్రశ్న కోసేశారు. స్కూలు పేరు మాత్రం ఉంచారు.

ఇంతలో కింద కేకలు. మోపెడ్ మీద దుప్పట్లు తెచ్చి అమ్మే మనిషిని కిరాణా కొట్టు ముందు ఆపేశారు. నేను ఫోన్ పట్టుకుని పరుగెత్తాను.

“ఈడ్నే కొండకల్‌ల కిరాయికుంటున్న అన్నా! నాకూ పిల్లలున్నరు!” అంటున్నాడతను. పెదవి అప్పటికే చిట్లింది.

“ఎంతమందిని ఎత్తుకొచ్చినవ్‌రా? మూట ఇప్పుర్రి!” అని గుంపులోంచి ఎవరో అరిచారు.

“ఆగండి తమ్ముడూ! అది పిల్లల హోంవర్కు. అసలు ఫొటోలో పైన ‘నిజమా?’ అని ఉంది, చూడండి” అన్నాను.

కిరాణా కొట్టు అతను నా ఫోన్ వైపు చూడనైనా లేదు. “స్కూలోళ్లే పెట్టిన్రు మేడం. కింద పేరున్నది, కనిపిస్తలేదా? సదువుకున్నోళ్లు మీరే గిట్లంటే ఎట్ల?”

ఇంకో దెబ్బ పడింది. మూట విప్పితే దుప్పట్లే ఉన్నాయి. అయినా పోలీసులు వచ్చేదాకా వదల్లేదు. అతన్ని జీపులో దవాఖానకు తీసుకెళ్లారు. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. పైనుంచి మా పిల్లలిద్దరూ అంతా చూశారు.

మర్నాడు పొద్దున, ఆ పాఠం ఆపించాలని తల్లిదండ్రుల గ్రూపులో గొడవ మొదలైంది. బూట్లు వేసుకుంటూ చిన్నవాడు అడిగాడు.

“అమ్మా, దుప్పట్ల అంకుల్ పిల్లల్ని ఎత్తుకుపోతాడా?”

“లేదు నాన్నా. ఆయనే ఇంక మన వీధికి రాడు.”

మా అమ్మాయి భుజానికి బ్యాగు తగిలిస్తూ చెప్పాను.

“సారు ఆ పాఠం మానేస్తానంటే, మానొద్దని అడగండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవాటి కింద ఇంకో ప్రశ్న రాసుకోండి. ఇందులో ఏం కోసేశారు?”