సాంబయ్య మామ బొటనవేలు

మొన్న మా మనవరాలి మొగుడు కొత్త బూట్లు తెచ్చుకుని నట్టింట్లో డబ్బా విప్పాడు. పచ్చి తోలు వాసన ఇల్లంతా నిండింది. చెప్పులు విప్పే చోటు గుమ్మం అవతల అని కసరబోయి ఆగిపోయాను. ఆ తోలు వాసన వెనకాలే ఆముదం వాసన కూడా తగిలింది. మా ఇంట్లో ఆముదం ఏనాడో అయిపోయింది. ఆ వాసన నా చిన్నతనం నాటిది. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా గోడకు ఆనుకున్న ఇంట్లో సాంబయ్య మామ తన బూట్లకు రోజూ ఆముదం రాసేవాడు. తోలు మెత్తబడి బొటనవేలికి కాస్త చోటిస్తుందని ఆయన ఆశ.

సాంబయ్య మామ నాకు చుట్టమేమీ కాడు. మా నాయన ఆయనను బావా అని పిలిచేవాడు కాబట్టి నేను మామా అనేదాన్ని, ఆయన నన్ను కోడలా అనేవాడు. ఆయన ఇంట్లో నాలుగు మగ్గాలుండేవి. నాలుగో తరగతితో నా చదువు ఆపించి మా అమ్మ నన్ను అక్కడ నూలు కండెలు చుట్టడానికి పంపింది. ఈ సంగతి జరిగేనాటికి నాకు పదిహేనేళ్ళు. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు నమ్మరు గానీ, అప్పట్లో నా నోటికి ‘కాదు’ అనే మాట రాదు. పక్కింటావిడ మా జల్లెడ తీసుకుపోయి తిరిగివ్వకపోతే, అడగలేక మూడు నెలలు పిండి జల్లించకుండానే రొట్టెలు చేశాను.

మామకు ఎడమకాలి బొటనవేలి దగ్గర ఒక రోగం ఉండేది. పేటలో దాన్ని వాతం అనేవాళ్ళు, అశోక్ చౌక్ డాక్టరు గౌట్ అన్నాడు. ఉన్నట్టుండి ఒక తెల్లవారుజామున వేలు ఎర్రగా టమాటాలా ఉబ్బేది. దానిమీద ఈగ వాలినా మామ కేక వీధి చివరకు వినిపించేది. ఆ మనిషి నేసిన చాదర్లు ఎన్ని ఊళ్ళవాళ్ళు కప్పుకున్నారో లెక్కలేదు. ఆయన మాత్రం వేలు వాచిన ఆ నాలుగు రోజులూ తన కాలిమీద చేతిరుమాలు కూడా పడనిచ్చేవాడు కాదు. చలికాలంలో ఒళ్ళంతా కప్పుకుని ఒక్క కాలు మాత్రం బయటపెట్టి పడుకునేవాడు. ఆయన భార్య లచ్చవ్వత్త ఆ కాలికి అడ్డంగా పీట నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళను తిట్టిపోసేది.

ఇలా ఉండగా ఆఫ్రికాలో మొంబాసా నుంచి ఒక గుజరాతీ సేటు ఉత్తరం రాశాడు. మామ చాదర్లు ఆయన కొట్టులో చాలాకాలంగా అమ్ముడుపోతున్నాయి. మగ్గం బిగించి ఇస్తాను, మూడు నెలలు ఇక్కడ కూర్చుని నేస్తూ జనానికి చూపించు, ఓడ ఖర్చు నాది అని రాశాడు. ప్రయాణానికి రెండు నెలల గడువు. రాలేకపోతే చెప్పు, వేరే ఊరి నేతగాణ్ణి పిలుచుకుంటానని చివర్లో ఒక ముక్క. మామ ఆ ఉత్తరాన్ని నాతో ఐదుసార్లు చదివించుకున్నాడు.

“చాదర్ గాడీ ఎక్కేదాకనే నేను చూసిన కోడలా. అటెన్క అవి యాడికి పోతయో, ఎవరు గప్పుకుంటరో ఎన్నడు సూడలే. ఒక్కపారి సూడాలె” అన్నాడు.

గుంటలో కాళ్ళు పెట్టి తొక్కితేనే మగ్గం ఆడుతుంది. వేలు వాస్తే మొంబాసా లేదు. అందుకని మర్నాడే డాక్టరు దగ్గరకు బయలుదేరాడు. చెప్పింది రాసుకోవడానికి నన్ను వెంటబెట్టుకుపోయాడు.

డాక్టరు మరాఠీ ఆయన. కొత్త గోలీలు వచ్చాయన్నాడు. రక్తంలో ఒక రకం ఉప్పు పేరుకుని కీళ్ళలో చేరుతుందట, ఈ గోలీ దాన్ని కడిగి పంపేస్తుందట. వారం రోజులు సగం గోలీ, ఆ తర్వాత నిండు గోలీ. వెంట నొప్పికి ఇంకో గోలీ. చెంబులకు చెంబులు నీళ్ళు తాగాలి. కల్లు బంద్, కార్జం, అంటే మేక కాలేయం, అదీ బంద్. అన్నిటికన్నా ముఖ్యమైంది చివర్న చెప్పాడు. కొత్త గోలీ మొదలుపెట్టిన తొలివారాల్లో వేలు ఒకసారి వాచినా వాయవచ్చు, అందుకే ఇవాళే మొదలుపెట్టు, వాచేదేదో ఇంట్లో మంచంమీదే వాచిపోవాలి గానీ ఓడలో కాదు అన్నాడు. “గోళీ బంద్ కరాయ్‌చీ నాహీ” అని బల్లమీద వేలితో కొట్టి మరీ చెప్పాడు. ఏం జరిగినా గోలీ ఆపొద్దని. నేను ఆ మాట కింద రెండు గీతలు గీశాను.

తిరిగి వస్తుంటే మామ దారిలో ఆగాడు. “మీ అత్తకు జాలెక్కువ. నేను కొంచెం ఏడిస్తే ఆమెనే కల్లు పోస్తది. నా మీద నాకే భరోసా లేదు. నువ్వే కాపలుండు.”

“నాతోని యాడైతది మామా?”

“ఏమున్నది? నేనడిగితే నై అను, గంతే. నేర్చుకో, రేపు అత్తగారింట్ల పనికొస్తది.”

ఆదివారం ఆయన స్నేహితుడు మల్లేశం కల్లు లొట్టి పట్టుకుని వచ్చాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. “డాక్టర్ నీళ్ళు తాగుమన్నడంట గద బిడ్డా. దీంట్ల సగం నీళ్ళే, అమ్మెటోడు నాకు దోస్తు, నాకెర్క” అన్నాడు మల్లేశం. నా నోట్లోంచి ఎలా వచ్చిందో “నై” అని వచ్చింది. ఆయన నిజంగానే లొట్టి పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఒక మాటకు మగమనిషి వెనక్కి పోవడం నేను అదే మొదటిసారి చూడటం. లోపలి నుంచి మామ మాత్రం గోల పెట్టాడు: “అరే, ఎవరు నేర్పిన్రే ఈ పోరికి గింత మొండితనం!”

రెండోవారం డాక్టరు చెప్పినట్టే వేలు వాచింది. మామ మంచమెక్కాడు. అత్త పీట నిలబెట్టింది. నేను పూటపూటకూ గోలీ, నీళ్ళు ఇస్తూనే ఉన్నాను. ఆయన నోట్లో వేసుకుని, చెంబు ఎత్తి, గుటక వేసి, బుద్ధిమంతుడిలా చెంబు తిరిగి ఇచ్చేవాడు. మూడురోజులైనా వాపు తగ్గలేదు. ప్రయాణానికి ఇంకా నెలకు పైనే ఉంది గానీ, అత్త అప్పుడే దేవుళ్ళకు మొక్కులు మొదలుపెట్టింది.

నాలుగోనాడు, ఆగిపోయిన మామ మగ్గంమీద అత్తే కూర్చుంది. ఆయన మంచం పక్క గూట్లో ఉన్న పాత నాడె, పడుగులో అటూ ఇటూ పోగు మోసే చెక్క దోనె, తీసుకుని, లోపల చూడకుండానే కండె వేసి, విసిరింది. నాడె లొడలొడమని పోయి, అటువైపు పెట్టెకు కొట్టుకుని, లోపల దాచిన గోలీలన్నీ చిమ్మింది. తెల్లటి గోలీలు పడుగు దారాలమీద ఎగిరి గుంటలోకి రాలాయి. చెక్కుచెదరనివి కొన్ని, నోట్లో సగం నాని పసుపు పచ్చగా మారినవి కొన్ని.

“ఇవేందయ్యా?” అంది అత్త.

మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను గుంటలో దిగి గోలీలన్నీ ఏరుకొచ్చాను. మంచం పక్కన నిలబడి, “ఎందుకిట్ల జేసినవ్ మామా?” అన్నాను.

ఆయనకు తప్పు చేసినట్టే లేదు. “పోగు తెగితే ఏం జేస్తం? మగ్గం ఆపుతమా, తొక్కుకుంట పోతమా? ఆపి చూస్తం. వేలు వాచింది, గోలీ ఆపిన. తెగిన పోగుతోని మగ్గం నడిపెటోడు నేతగాడా?” అన్నాడు. నొప్పి గోలీని కూడా అదే నాడెలో పడేశాడు. నలభై ఏళ్ళుగా చేతులకు అలవాటైన పద్ధతి అది. మా పేటలో ఎవరినడిగినా ఆయన మాటే సరైనదనేవాళ్ళు.

నాకు కోపం వచ్చింది. అంతకు ముందు నాకు కోపం ఎలా ఉంటుందో తెలియదు. “పోగు తెగలే మామా. నువ్వు కొత్త పడుగు ఎక్కిచ్చినవ్. కొత్త పడుగు ఎక్కిచ్చినంక తొలి మూరెడు సాఫ్‌గ వస్తదా? వంకరటింకర వస్తది. వంకరొచ్చిందని పడుగు కోసి పారేస్తవా? నేసుకుంట పోతే అదే సక్కగైతది” అన్నాను. అప్పటిదాకా అంత పొడవు మాట నేను ఎవరితోనూ అనలేదు.

 అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అప్పుడు మామ చెయ్యి చాపాడు.

గోలీ ఇచ్చాను. “నోరు తెరువు” అన్నాను. తెరిచాడు. “నాలిక ఎత్తు” అన్నాను. ఎత్తాడు. డాక్టరు దగ్గరకు పరుగెత్తి జరిగింది చెప్తే, ఆయన తల పట్టుకుని, మళ్ళీ సగం గోలీతో మొదలుపెట్టమన్నాడు.

తర్వాతి మూడురోజులు మామ తిట్టిన తిట్లు ఈ కాగితంమీద రాసేవి కావు. నన్ను, నాకు చదువు చెప్పిన పంతులును, డాక్టరును, డాక్టరు గుర్రబ్బండిని, మొంబాసా సేటు ఏడుతరాలను తిట్టాడు. నేను చెంబు పట్టుకుని మంచం పక్కనే నిలబడేదాన్ని. తిట్లు అయిపోయాక గొంతు ఎండేది. అప్పుడు చెంబెడు నీళ్ళూ గటగటా తాగేవాడు. అన్ని నీళ్ళు ఆయనతో తాగించిన మందు తిట్లే అని నాకు అనుమానం.

వారం తిరిగేసరికి వాపు తీసింది. నెల దాటినా మళ్ళీ రాలేదు. ప్రయాణానికని కొని రోజూ ఆముదం రాస్తూ వచ్చిన బూట్లు పుట్టాక మొదటిసారి కాళ్ళకు తొడుక్కుని మామ నట్టింట్లో అటు ఇటు నాలుగు అడుగులు వేస్తే, బొంబాయి గాడీ ఎక్కేముందు ఆయన నడక చూడటానికి వీధి వీధంతా వచ్చింది.

స్టేషన్లో నన్ను పక్కకు పిలిచాడు. “ఓడల నై అని ఎవరంటరు కోడలా?”

“నువ్వే అనుకో మామా. నేనడిగినట్ల నోరు తెరిపిచ్చుకో.”

రెండు నెలలకు మామ సేటు గుమాస్తా చేత హిందీలో రాయించిన ఉత్తరం వచ్చింది. ఓ ముసలి అరబ్బు మన మగ్గంమీద నేసిన చాదర్ కప్పుకుని పక్క దుకాణం అరుగుమీద నిద్రపోతుంటే గంటసేపు చూస్తూ కూర్చున్నానని రాయించాడు. సేటు విందులో కార్జం పెడితే కంచం పక్కకు జరిపానన్నాడు. మర్యాద కాదని సేటు బలవంతం చేస్తే, “మా ఇంట్ల ఒక పోరి ఉన్నది, దానికి తెలుస్తది” అన్నాడట.

నేను పుట్టుకతోనే కఠినం అని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. షుగరున్న కొడుకు ముందు నుంచి జిలేబీ తీసేసినా, జ్వరంతో బడికి పోతానన్న మనవడి చెయ్యి పట్టుకుని ఆపినా, ముసలిదానికి జాలి లేదంటారు. అననీ. వద్దు అనడం పెద్ద పనేమీ కాదు, అనేసి చాలామంది లోపలికి వెళ్ళిపోతారు. నేను వెళ్ళను. వాళ్ళ కోపం, అలక, ఏడుపు అన్నీ అయ్యేదాకా నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడతాను. అయిపోయాక ఎలాగూ దాహమేస్తుంది.