బావిలో దుప్పి, పది కుప్పలు

ఆ పొద్దున కేక పెట్టింది నేనే. తప్పంతా అక్కడే మొదలైంది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

మా మామిడి తోట చంద్రగిరి దాటాక అడవిని ఆనుకొని ఉంటుంది. ఎండలు ముదిరితే నీళ్ళ కోసం దుప్పులు కిందికి దిగుతాయి. ఆ రోజు కుక్కలు తరిమితే ఒకటి వచ్చి మా ఎండిన బావిలో పడింది. బావి రెండు నిలువుల లోతు ఉంటుంది. అడుగున ఇసుక ఉంది కాబట్టి కాళ్ళు విరగలేదు, కానీ పైకి చూస్తూ గోడల మీదికి ఎగిరి ఎగిరి పడుతోంది. ఎట్లాగైనా దాన్ని బతికించాలని, గట్టు మీద నిలబడి, "దుప్పి పడింది, రండి, రండి!" అని నాలుగు దిక్కులా అరిచాను.

చుట్టుపక్కల తోటల నుంచి ఆరుగురు వచ్చారు. ఇద్దరి చేతుల్లో తాళ్ళున్నాయి. మిగతా నలుగురి చేతుల్లో టేకాకులు. సాయానికి వచ్చేవాళ్ళు ఆకులెందుకు తెచ్చారో నాకు అర్థం కాలేదు. ఎండకు నెత్తిన పెట్టుకుంటారేమో అనుకున్నాను. చిన్నప్పటి నుంచి హాస్టళ్ళలో చదివి, ఇప్పుడు బడిలో పాఠాలు చెప్పే మనిషిని. ఊరి సంగతులు నాకు సగమే తెలుసు, ఆ సగమూ తప్పుగా తెలుసు.

అమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"ఎందుకు మే అట్ల అరిసినావు? ఏటలో మెకం పడితే అట్లనే గదా పిలిసేది! ఇంక సూసినోళ్ళందరికీ కుప్ప ఎయ్యాల."

నాయన వయసులో ఉన్నప్పుడు, ఈ అడవిలో వేట ఇంకా సాగుతున్న కాలంలో, వలలు కట్టి దుప్పులను కొట్టే జట్టుతో తిరిగాడని తెలుసు. మిగతాది అమ్మ అప్పుడే గబగబా చెవిలో చెప్పింది. కొట్టింది ఎవరైనా మాంసం కుప్పలు వేసేది నాయనేనట. మెకం, అంటే వేట జంతువు, పడినచోటికి వచ్చి కళ్ళతో చూసినవాళ్ళకు, దారిన పోయేవాళ్ళయినా సరే, ఒక కుప్ప పెట్టాల్సిందేనట. చట్టం గట్టిపడ్డాక వలలు అటక ఎక్కాయి. ఆ పద్ధతి మాత్రం ఎవరూ మర్చిపోలేదు. అంటే, దుప్పిని కాపాడమని కేక వేశాననుకున్న నేను, తినడానికి రమ్మని అందరినీ పిలిచానన్నమాట.

ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేశాను. వచ్చేసరికి గంట దాటుతుందన్నారు. దుప్పి నోటి నుంచి అప్పటికే నురగ కారుతోంది.

"మనం ఏటాడలేదు గదా మామా. దానంతటదే వచ్చి పడిండాది," అన్నాడు పక్క తోటాయన నాయనతో.

నాయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకొని, నడుముకు కొడవలి దోపుకొని, తాడు పట్టుకొని బావిలోకి దిగాడు. ఆ కొడవలి చూసి నేను బావిలోకి వంగి అరిచాను.

"వద్దు నాయనా, కేసవుతుంది!"

ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. దాన్ని చంపొద్దని అనలేదు, కేసవుతుందన్నాను.

"అరవద్దు పాపా. అరిస్తే దాని గుండె పగులుతాది."

ఒక మూల గొంతుక్కూర్చున్నాడు. దుప్పి వైపు చూడను కూడా చూడలేదు. చాలాసేపటికి అది ఎగరడం మానింది. అప్పుడు మెల్లగా లేచి తలగుడ్డ దాని కళ్ళ మీద వేశాడు. అంతే, అది కట్టేసిన మేకలాగా నిలబడిపోయింది. నాయన దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే ఉన్నాడు. కొడవలి తీశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే, కోసింది తాడు. ఆ ముక్కతో కాళ్ళు కట్టి, నులక మంచం దించమన్నాడు.

ఆరుగురూ కలిసి మంచాన్ని పైకి లాగారు. నాయన ఎక్కి వచ్చి కట్లు విప్పాడు, గుడ్డ తీశాడు. దుప్పి ఒక్క క్షణం మమ్మల్నందరినీ చూసి అడవిలోకి దూకింది.

అయినా ఎవరూ కదలరే! ఇంకా ఏం కావాలి వీళ్ళకు అని నాకు ఒళ్ళు మండింది. నాయన మాత్రం కొట్టం వైపు నడిచి, గంగ జాతరకని మేపుతున్న పొట్టేలును విప్పుకొచ్చాడు.

"గంగమ్మకేం సెప్తావు?" అంది అమ్మ.

"పిలిసింది మన బిడ్డ. వచ్చి సూసినారు. వట్టి సేతుల్తో ఎట్ల పంపేది?"

పొట్టేలును కోసి టేకాకుల మీద ఎనిమిది కుప్పలు వేశాడు. వచ్చినవాళ్ళకు ఆరు, అమ్మకొకటి, నాకొకటి. సరిగ్గా అప్పుడే ఫారెస్టు వాళ్ళు ఇద్దరు బండి దిగారు. ఎర్రటి మాంసం చూసి వాళ్ళ ముఖాలు మారిపోయాయి.

"దుప్పి యాడ?"

"పొయినాది," అన్నాడు నాయన.

"మరి ఇదేంది?"

నేను ముందుకు దూకి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. కుక్కలు, కేక, టేకాకులు, తలగుడ్డ. చెప్పేకొద్దీ నాకే అది అబద్ధంలా వినిపించింది. నాయన కొమ్ము పట్టి పొట్టేలు తల పైకెత్తి చూపించాడు. కొమ్మకు వేలాడుతున్న తోలును వాళ్ళు తడిమి చూసుకున్నారు. ఈలోగా నాయన ఒక్కో కుప్పలోంచి కొంచెం కొంచెం తీసి ఇంకో రెండు వేశాడు. డ్యూటీలో ఉన్నాం, వద్దన్నారు వాళ్ళు.

"కుప్పలేసే కాడికి వచ్చినారు గదప్పా," అని పొట్లాలు బండికి తగిలించాడు.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. ముందు చూసింది నేనే కాబట్టి తొడ నాకు వచ్చింది. నాయన మాత్రం ఊరిబిండి పచ్చడితో కలుపుకుంటున్నాడు. అప్పుడు లెక్క వేసుకున్నాను. పది కుప్పలూ పది మందికి పోయాయి.

"నీ కుప్ప ఏది నాయనా?"

"సేతికొచ్చిన మెకాన్ని వదిలేసినోడికి కుప్ప ఉండదు పాపా."

వదలడం తప్పనుకుంటే ఎందుకు వదిలినట్టు? మంచి పని చేశాననుకుంటే ఈ శిక్ష ఎందుకు? అడిగితే, "తిను, ఆరిపోతాది," అన్నాడు. తిన్నాను. కూర బాగుంది. బాగున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

చెయ్యి కడుక్కుంటూ నాయన నా వైపు తిరగకుండానే అన్నాడు.

"మళ్ళా ఎప్పుడన్నా పడితే అరవద్దు. నన్నొక్కణ్ణే పిలువు."

ఎవరూ చూడకపోతే కుప్పలు వేయక్కర్లేదు, నిజమే. ఎవరూ చూడకపోతే దుప్పిని వదలాల్సిన పనీ లేదు. ఆయన ఏది అనుకొని ఆ మాట అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ ఎండలు ముదిరాయి. రోజూ పొద్దున్నే ముందుగా నేనే వెళ్ళి బావిలోకి తొంగి చూస్తున్నాను.