బంతి ముట్టని సైదులు

2022లో సూర్యాపేట కొత్త బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పైన నా ఫిజియోథెరపీ క్లినిక్ ఉండేది. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కి రావాలా అని అందరూ నవ్వేవారు. కింద గది కిరాయి నాకు అందుబాటులో లేదు మరి. ఒకరోజు పొద్దున ఆ మెట్ల మీద చప్పుడైతే బయటికి వచ్చి చూశాను. ఒక భారీ కుర్రాడు కుడికాలు మోపకుండా ఎక్కుతున్నాడు. అతని చేయి తన భుజాన వేసుకుని, అతనిలో సగం కూడా లేని ఇంకో కుర్రాడు చెమటలు కక్కుతూ మోసుకొస్తున్నాడు.

పెద్దవాడి పేరు సైదులు. వేములపల్లి దగ్గర చిన్న రైతు కుటుంబం. తండ్రి లేడు. తల్లి యాదమ్మ ఉన్న కాస్త వరి పొలం చూసుకుంటూ, తీరిక దొరికితే మిర్యాలగూడ రైస్ మిల్లుకు పనికి పోయేది. సన్నవాడు కార్తీక్, మిర్యాలగూడలో ధాన్యం వ్యాపారం చేసేవాళ్ల అబ్బాయి. ఇద్దరూ కోదాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నారు.

సైదులుకు హైదరాబాదులో ఏసీఎల్ సర్జరీ అయింది. ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనూ కింది ఎముకనూ పట్టి ఉంచే లిగమెంట్. అది తెగితే సర్జన్ కొత్తది వేస్తారు. ఆ కాలికి మళ్లీ బలం తెప్పించడం మా పని.

"ఎట్ల తెగింది?" అని అడిగాను.

"ఫుట్‌బాల్‌ల మేడం."

"గోల్ కొట్టవోయినవా?"

ఇద్దరూ నవ్వారు. "ఆ ఫుట్‌బాల్ గాదు మేడం, అమెరికన్ ఫుట్‌బాల్," అన్నాడు కార్తీక్.

కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారు ఎక్కడో శిక్షణ తీసుకుని వచ్చి ఆ ఆట మొదలుపెట్టారట. బడిలో కబడ్డీ ఆడిన సైదులు ఒడ్డూ పొడుగూ చూసి ఆఫెన్సివ్ లైన్‌లో నిలబెట్టారు. అంటే బంతి ఉన్న జట్టుకు ముందు గోడలా నిలబడే ఐదుగురిలో ఒకడు. వాళ్ల వెనకనుంచి బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అది కార్తీక్.

"మరి బంతి నీ చేతికి ఎప్పుడొస్తది?" అన్నాను సైదులుతో.

"రాదు మేడం. నేను ముట్టనే ముట్ట. వీడు బంతి ఇసిరేదాంక వీని మీద ఎవ్వర్ని పడనియ్యొద్దు. గంతే నా పని."

ప్రాక్టీసులో అలా అడ్డం నిలబడినప్పుడే పక్కవాడు జారి అతని మోకాలి మీద పడ్డాడు. పాదం నేలలో నాటుకుపోయి ఉంది, కాలు మాత్రం లోపలికి వంగింది.

నెలలు నడిచాయి. మొదట్లో సైదులు తొడ కండరం ఎంత కరిగిపోయిందంటే, మోకాలి కింద మడిచి పెట్టిన టవల్‌ను నొక్కమంటే కాలు కదిలేది కాదు. అంత మనిషి మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకునేవాడు. కార్తీక్ పక్కన కూర్చుని "నొక్కురా, టవల్ నిన్నేం కొరుకదు" అని సతాయించేవాడు. కోదాడ నుంచి బస్సులో వచ్చినా, కార్తీక్ వాళ్ల కారులో వచ్చినా అతను లేకుండా సైదులు ఒక్కసారీ రాలేదు.

ఆ ఏడాది పోటీలు దగ్గరపడ్డాయి. సైదులు చక్కగా నడుస్తున్నాడు, నెమ్మదిగా పరుగెత్తుతున్నాడు కూడా. నేను సరేనంటే జట్టులోకి తీసుకుంటానని పీడీ సారు ఫోన్ చేశారు. నేను హాప్ టెస్ట్ పెట్టాను. ఒంటికాలి మీద ఎగిరి, అదే కాలి మీద స్థిరంగా దిగాలి. ఎడమకాలి మీద బాగా దిగాడు. కుడికాలి మీద దిగేసరికి మోకాలు మళ్లీ లోపలికే వంగింది.

"ఈసారికి వద్దు సైదులూ."

"మేడం, దండం బెడ్త. నేను లేకుంటే వీని మీద పడ్తరు. వీడు సన్నగుంటడు, ఏమన్నయితది."

ఆడాలన్న సరదాతో అడుగుతున్నాడనుకున్నాను నేను. అతని భయం వేరే ఉంది. ఈసారి కాదన్నది కార్తీకే. "నాకు దెబ్బ తాకితే తాకనీరా. నీ కాలు మల్ల పోతే అమ్మకు నేనేం జెప్పాలె? ఇంట్ల కూసో."

సైదులు ఆ పూట నాతో మాట్లాడకుండానే మెట్లు దిగాడు. ఆ వారం రానేలేదు. తరువాత వచ్చాడు, ఈసారి తనే కార్తీక్‌ను వెంటబెట్టుకుని. కార్తీక్ భుజం కమిలి నల్లబడింది. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయారు. ఇద్దర్నీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టాను.

"ఇన్నొద్దులు నాకు తాకాల్సినయన్నీ నువ్వు తిన్నవన్నట్టు," అన్నాడు కార్తీక్ ఐస్ ప్యాక్ సర్దుకుంటూ. ఆరోజు సైదులు నేను చెప్పినదానికంటే ఎక్కువ వ్యాయామం చేస్తుంటే నేనే ఆపాల్సి వచ్చింది.

మరుసటి ఏడు పోటీలకు ముందు అదే పరీక్ష పెట్టాను. రెండు కాళ్లూ ఒకే తీరుగా దిగాయి. "పో, ఆడుకో" అన్నాను. రెండు రోజులకు యాదమ్మ వచ్చింది.

"మల్ల ఆడవోతడట. మీరన్న జెప్పుండ్రి మేడం వద్దని. నాకు పానం కొట్టుకుంటాంది."

"కాలు గట్టిగయింది యాదమ్మా. భయమైతే నాతోని రా, ఇద్దరం కలిసే సూద్దాం."

కోదాడ మైదానంలో ఎండకు కొంగు కప్పుకుని కూర్చున్నాం. ఎవరు గెలుస్తున్నారో మా ఇద్దరికీ తెలియలేదు. జనమంతా బంతిని చూస్తుంటే మేము సైదులునే చూశాం. ప్రతిసారీ వంగి నిలబడటం, ఎదుటివాడు ఎద్దులా వచ్చి గుద్దడం, ఇతను వెనక్కి తగ్గుతూనే ఆపడం. ఒకసారి నలుగురైదుగురు కుప్పగా పడ్డారు. సైదులు అడుగున ఉన్నాడు. యాదమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఒక్కొక్కరే లేచారు. అతనూ లేచి, మోకాలు ఒకసారి వంచి చూసుకుని, తన చోటికి నడిచి వెళ్లాడు.

చివరికి వాళ్లే గెలిచారు. కుర్రాళ్లు కార్తీక్‌ను భుజాలకెత్తుకున్నారు. అతను పెనుగులాడి కిందికి దిగి, నేరుగా మా దగ్గరికి వచ్చి యాదమ్మ కాళ్లకు మొక్కాడు.

"అమ్మా, ఈ ఏడు నాకొక్క దెబ్బ గూడ తాకలె. మీ సైదులు తాకనియ్యలె."

యాదమ్మ అతని తల నిమిరి, దూరంగా హెల్మెట్ తీసి నీళ్లు తాగుతున్న కొడుకును చూసింది. "గిదా వాడు జేసే పని," అంది మెల్లగా. ఆ మొహం చూడగలిగినందుకు నా వృత్తికి నేను రుణపడి ఉన్నాను.

డిగ్రీతోనే సైదులు ఆట ముగిసింది. ఇప్పుడు చిలుకూరు వైపు ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాడు. నేను చదువుకున్న పుస్తకాల్లో మోకాలు ఎలా వంగుతుందో, ఎంత బరువు ఆపుతుందో ఉంది. మనిషి ఎవరికోసం లేచి నిలబడాలనుకుంటాడో సైదులు వల్లే తెలిసింది. అందుకే కొత్తగా ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడో అడిగాక ఇంకో మాట అడుగుతాను: "బాగైనంక ముందుగాల ఏం జెయ్యాలనున్నది?" ఒకామె మనవరాలిని ఎత్తుకోవాలంటుంది. ఒకాయన భార్యను దవాఖానకు తీసుకుపోవాలంటాడు. నా వైద్యం అక్కడినుంచే మొదలవుతుంది.